తువాలు కింది మాట

చెంగల్రాయుడు రెక్సిన్ సంచిలో రెండు పంచెలు పెట్టాడు. మూడో పంచె చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్లీ దండెం మీద వేశాడు.

“అన్ని యాల. ఆస్పత్రిలో వాళ్లే గౌను తొడుగుతారు,” అన్నాడు.

ఎవరితో అన్నాడో తెలియదు. గదిలో మునెమ్మ ఒక్కతే ఉంది.

నలభై మూడేళ్ల కాపురంలో ఆయన సంచి ఆయనే సర్దుకోవడం ఇదే మొదటిసారి. కలకడ సంతకు పోయినా, రామకుప్పం పోయినా, రెండేళ్ల కిందట బెంగుళూరు ఆస్పత్రికి పోయినా, సర్దింది మునెమ్మే. ఈ పొద్దు ఆమె చెయ్యి వేయబోతే సంచిని తన వైపుకు జరుపుకున్నాడు. విసురుగా కాదు. దూడ మూతి పెట్టిన గంపను పక్కకు లాగినట్టు, అంతే.

“మాత్రలు పెట్టినావా?”

“పెట్టినా.”

“పొద్దున్నే వేసుకునే తెల్లవి?”

“అన్నీ ఉండాయి.”

“గళాసు?”

“ఆడ దొరుకుతాది.”

మాటకూ మాటకూ మధ్య ఆయన ఊపిరి తీసుకోవలసి వస్తోంది. పోయిన ఏడాది ఒక దిండుతో పడుకునేవాడు. ఉగాదికి రెండు దిండ్లు కావలసి వచ్చాయి. ఈ నెలలో గోడకు వీపు ఆనించి, కూర్చునే నిద్రపోతున్నాడు. పాదాలు ఉబ్బి పాత చెప్పులు పట్టడం లేదు. పెద్దకొడుకు సుదర్శన్ తన చెప్పులు విడిచి ఇచ్చాడు.

“నేనూ వస్తా,” అంది మునెమ్మ. నిన్నటి నుంచి అది నాలుగోసారి.

“వద్దన్నా గదా.”

“యాల వద్దు?”

ఆయన జిప్పు లాగాడు. సగంలో ఇరుక్కుంది. అది ఎక్కడ ఇరుక్కుంటుందో, ఏ పక్కకు వంచి లాగాలో ఆమెకు తెలుసు. చెయ్యి చాపలేదు. ఆయన దానితో పోట్లాడి, ఆయాసపడి, సగం తెరుచుకున్న సంచినే మంచం మీద వదిలేశాడు.

మునెమ్మ చేతిలో ఎర్ర అంచు తువాలు మడతపెట్టి ఉంది. పొద్దున్నే ఉతికి, ఎండలో ఆరేసి తెచ్చింది. సంచి పక్కన పెట్టింది. ఆయన చూశాడు. చూసి కిటికీ వైపు తిరిగాడు.

వసారాలో కొడుకులిద్దరూ మళ్లీ మొదలుపెట్టారు.

“ఆ పొద్దే కోసింటే ఈ గతి ఉండేది కాదు,” అంటున్నాడు సుదర్శన్. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. గొంతు పెంచడు. ప్రతి మాటా బరువుగా కింద పెడతాడు. “డాక్టరు నోరు తెరిసి సెప్పినాడు. మూడు నరాలు మూసుకుపోయినాయి, గుండె బలం తగ్గింది, నా మనసు బైపాసు మీదనే ఉండాది అని. విన్నామా? స్టంట్లు ఏసుకోని మూడో పొద్దు ఇంటికొచ్చి పండగ సేసుకున్నాం.”

“రాళ్లు కోసే కంపెనీలో పని జేసి జేసి, నాయన్ను గూడా కోస్తే గానీ నీకు తృప్తి లేదు,” అన్నాడు చిన్నవాడు దేవేంద్ర. మదనపల్లెలో టమాటా మండీ నడుపుతాడు.

“నువ్వు టమాటాలోడివి. పైన ఎర్రగా మెరిస్తే సాలు నీకు. లోపల యాడ మెత్తబడిందో సూడవు.”

“ఆ గుర్రంకొండ కృష్ణప్పను కోసినారే, ఏమాయె? బల్ల మీద నుంచి లేసినాడా?”

“నూరు మందిలో ఒకడు లేవకపోతే ఆ ఒకడే కనపడతాడు నీకు. మిగతా వాళ్లు సేనికి పొయ్యి పని జేసుకుంటాండారు, వాళ్లు కనపడరు.”

“అన్నా, నేనేమన్నా పట్టుబట్టినానా? నాయనే సెప్పినాడు స్టంటే కావాలని. అమ్మకు సెప్పినాడు. అమ్మ బయటికొచ్చి మనకు సెప్పింది. అబద్ధమైతే అమ్మను అడుగు.”

మునెమ్మ తలుపు పక్కనే నిలబడి వింది. వెనక మంచం కిర్రుమంది. చెంగల్రాయుడూ వింటున్నాడు.

*

పుంగనూరు సంతలో దళారి ఎద్దుల ధర నోటితో చెప్పడు. అమ్మేవాడి చేతి మీద తువాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టి చెబుతాడు. చుట్టూ పదిమంది మూగినా ఆ మాట ఆ రెండు చేతులు దాటి పోదు. బేరం కుదిరినా, చెదిరినా, తువాలు కింద ఏమి జరిగిందో దళారి బయట పెట్టకూడదు. పెట్టినవాడికి మళ్లీ ఎవరూ చెయ్యి ఇవ్వరు. చెంగల్రాయుడు యాభై ఏళ్లు ఆ పని చేశాడు. ఒక్క మాటా బయట పడలేదు.

పెళ్లయిన కొత్తలో ఇంట్లో అత్త ఉండేది. ఆమె ముందు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం కుదరదు. సంతలకు బయలుదేరేటప్పుడు ఆయన సంచి అందుకునే సాకుతో తువాలు ఇద్దరి చేతుల మీద పడేసి, మునెమ్మ వేళ్లు నొక్కేవాడు. రెండు వేళ్లు నొక్కితే రెండు రోజులు. నాలుగు నొక్కితే నాలుగు. నొక్కిన లెక్క ప్రకారం తిరిగి వచ్చేవాడు. రామకుప్పం దారిలో ఏనుగులు అడ్డం నిలబడినప్పుడు ఒకే ఒక్కసారి ఒక పొద్దు ఆలస్యమైంది. ఆ పొద్దంతా మునెమ్మ ముద్ద మింగలేదు.

రోజులు చెప్పకుండా పోయినవాళ్లు ఆమెకు చిన్నప్పుడే తెలుసు. తనకు తొమ్మిదేళ్లప్పుడు అక్క ఎల్లమ్మను దగ్గు జబ్బుకని పెద్దాస్పత్రికి బండి మీద తీసుకుపోయారు. ఎదను తెరిచి ఎముకలు తీస్తే బాగవుతుందన్నారు. అక్క పోతూ పోతూ చెయ్యి ఊపింది. బండి తిరిగి వచ్చేటప్పటికి అందులో అక్క రెండు పావడాలు, దువ్వెన ఉన్నాయి.

రెండేళ్ల కిందట, 2005లో, చెంగల్రాయుడికి సంతలోనే గుండె పట్టేసింది. బెంగుళూరు తీసుకుపోయారు. అక్కడ తెలుగు తెలిసిన డాక్టరు ఒకాయన కాగితం మీద గుండె బొమ్మ గీసి, కొడుకులకూ మునెమ్మకూ ఓపికగా చెప్పాడు.

“రెండు దార్లు ఉన్నాయి. ఒకటి బైపాసు. ఎదను తెరిచి, కాలి నరం తీసి, మూసుకుపోయిన చోటు తప్పించి కొత్త దారి వేస్తాం. రెండోది స్టంటు. తొడ దగ్గర నుంచి సన్న తీగ పంపి, మూసుకుపోయిన చోట స్ప్రింగు లాంటిది పెట్టి తెరుస్తాం.”

“ఏది మంచిది సార్?” అన్నాడు సుదర్శన్.

“గుండెకు బలం ఉంటే ఏది చేయాలా అని ఇంతగా ఆలోచించను. మీ నాయన గుండె పంపింగు ముప్ఫై రెండే ఉంది. మనకు అరవై ఉంటుంది. ఇలాంటి గుండెకు బైపాసులో మొదటి నెల గండం. బల్ల మీదే పోవచ్చు, పక్షవాతం రావచ్చు. అది దాటితే ఏళ్ల తరబడి నిలబెట్టేది బైపాసే అని నా నమ్మకం. స్టంటుకు మొదటి నెల సుఖం. తర్వాత మళ్లీ మూసుకుపోవచ్చు, మళ్లీ నా దగ్గరికి రావలసి రావచ్చు.”

ఆయన పెన్ను మూత పెట్టాడు.

“నూరు మంది సంగతి చెప్పగలను అమ్మా. ఈ ఒక్క మనిషి సంగతి చెప్పలేను.”

మునెమ్మకు అన్ని మాటల్లో ఒకటే మిగిలింది. బల్ల మీదే పోవచ్చు.

కొడుకులు మంచం చెరొక పక్కన నిలబడి కోత అని ఒకడు, వద్దని ఒకడు వాదించుకున్నారు. చెంగల్రాయుడు ఇద్దరినీ చూశాడు. ఏది చెప్పినా ఒకడి మొహం మాడుతుంది. అందుకే పెళ్లాన్ని పిలిచి, తువాలు తెమ్మన్నాడు. “ఒకటంటే కోత. రెండంటే స్టంటు. మీయమ్మకు సెప్తా. మీరు బయటికి పొయ్యి నిలబడండి,” అన్నాడు. కొడుకులు నవ్వుకుంటూ బయటికి పోయారు. నాయన దళారితనం ఇక్కడా పోలేదు అనుకున్నారు.

తువాలు కింద ఆయన ఆమె చూపుడువేలు పట్టుకున్నాడు. ఒక్క వేలే. బేరం ఖాయం చేసేటప్పుడు నొక్కినట్టు గట్టిగా నొక్కాడు.

మునెమ్మ వార్డు బయటికి వచ్చింది. నాలుగు అడుగుల దూరం. ఆ నాలుగు అడుగుల్లో అక్క పావడాలు, దువ్వెన కనిపించాయి.

“రెండోదంట,” అంది.

*

“అమ్మా, ఇట్ల రా,” పిలిచాడు సుదర్శన్.

ఆమె వసారాలోకి పోయి స్తంభం పక్కన నిలబడింది. దేవేంద్ర పెళ్లాం అంబిక కాఫీ గ్లాసులు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

“ఆ పొద్దు నాయన ఏమి సెప్పినాడు?”

మునెమ్మ స్తంభానికి చెయ్యి ఆనించింది.

“వాడు అరిసినా నేను అరిసినా నాయన మాటే గదా సేసినాం. సెప్పుమ్మా. నా మనసు కుదుటపడతాది. ఈసారి గూడా నేను కోయమంటాండాను. రేపు ఏమన్నా అయితే నేనే సంపినట్టు అవుతాది.”

రెండు స్టంట్లలో ఒకటి మూసుకుపోయిందని పోయిన వారం చెప్పారు. పంపింగు ఇరవై ఐదుకు పడింది. ఇప్పుడు తీగ పోయే దారి లేదు. బైపాసు ఒకటే మిగిలింది. అప్పటి కంటే ఇప్పుడు గండం ఎక్కువ. ఇదంతా నిన్న రాత్రి సుదర్శన్ అందరికీ చెప్పాడు.

మునెమ్మ కొడుకు వైపు చూసింది.

“ఒకేలు,” అంది.

“ఏమి?”

“ఒకేలు నొక్కినాడు. నేను రెండని సెప్పినా.”

కాఫీ గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది. అంబిక వాటిని గూట్లో పెట్టి లోపలికి పోయింది.

ముందు నోరు విప్పింది దేవేంద్ర. “నేను మండీలో అందరికీ సెప్పుకున్నానే మా. మా నాయనకు ధైర్యం లేదు, కోతకు బయపడినాడు, అందుకే స్టంటు ఏసినాం అని. నవ్వుకుంటా సెప్పినానే.”

“తప్పే నాయనా.”

“రెండేండ్లు మా,” అన్నాడు సుదర్శన్. మెట్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

అరిచి ఉంటే బాగుండేది అనుకుంది మునెమ్మ. చిన్నప్పుడు వాడికి కోపం వస్తే పలక విసిరేసేవాడు.

చెంగల్రాయుడు గడప దాకా వచ్చాడు. సంచి ఒక చేతిలో, రెండో చెయ్యి తలుపు మీద.

“దాన్ని ఏమీ అనొద్దండి.”

“నీకు తెలుసా నాయనా?” అన్నాడు సుదర్శన్ తల ఎత్తకుండా.

“తెలుసు.”

“ఎప్పుడు తెలుసు?”

ఆయన అరుగు మీద కూర్చుని, ఊపిరి అందేదాకా ఆగాడు. వీధిలో ఎవరో ఆవును తోలుకుపోతున్నారు. దాని నడకను చివరిదాకా చూశాడు.

“గొరగను ఒగాయన వచ్చినాడు, పొద్దున్నే. తొడ కాడ గొరిగినాడు. నేను సూస్తానే ఉండా. ఎద మీద గొరుగుతాడు, ఎద మీద గొరుగుతాడు అని. సబ్బునురుగ తుడుసుకోని, డబ్బా మూసుకోని పొయ్యినాడు. అప్పుడు తెలిసింది.”

“నోరు తెరిసి సెప్పింటే అయిపోయేది గదా నాయనా.”

“అవును, సెప్పల్యా.”

“యాల?”

“తలుపు కాడ మీయమ్మ నిలబడుండాది. దాని మొగం సూసినా.”

చెంగల్రాయుడు సంచిని కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. సగం మూసిన జిప్పులోంచి పంచె అంచు బయటికి కనిపిస్తోంది.

ఆ పొద్దు తర్వాత ఆయన తువాలు మునెమ్మ చేతి మీద వేయలేదు. కుప్పం పోయి సుదర్శన్ ఇంట్లో పది రోజులు ఉండి వచ్చినప్పుడు, “పది దినాలు ఉండి వస్తా,” అని నోటితోనే చెప్పాడు. పక్కింటి బయ్యమ్మకు చెప్పినట్టే చెప్పాడు. పది రోజులకే వచ్చాడు కూడా. కోపమని ఆమె అనుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వేరుశెనక్కాయలు వొలిచారు, సంత కబుర్లు చెప్పుకున్నారు, మనవరాలు తేజస్విని మొదటి బడి పరీక్షకు ఇద్దరూ కలిసి మదనపల్లె పోయారు. ఆ రెండేళ్లు మంచివే. అవి తాను ఆయనకు ఇచ్చినవో, ఆయన దగ్గర నుంచి తీసుకున్నవో మునెమ్మకు తెలియలేదు. డాక్టరుకే తెలియనిది తనకెట్లా తెలుస్తుంది.

“నన్ను తీసుకుపో,” అంది. ఐదోసారి.

“వద్దు.”

“ఇంక అట్ల సెయ్యను. నోరు తెరవనే తెరవను. ఒక మూల కూసుంటా.”

“నువ్వు నోరు తెరుస్తావని గాదే.” ఆయన ఆమె వైపు తిరిగాడు. ఉబ్బిన మొహంలో కళ్లు చిన్నవైపోయాయి. “నువ్వు మూల కూసుంటే నేను ఆ మూలకే సూస్తాను. సూస్తే, కోత వద్దు, ఇంటికి పోదాం అంటాను. రెండోసారి అట్ల అనకూడదు. అందుకే వద్దంటాండాను. కోపమనుకుంటాండావా?”

“రెండేండ్లుగా తువాలు ముట్టలేదే.”

“ముట్టుకుంటే నువ్వు ఆ పొద్దు మాటే అడుగుతావు. నేను ఏమని నొక్కేది?”

సందు చివర హారను మోగింది. బాడుగ సుమో వచ్చింది.

*

దేవేంద్ర సంచి తీసుకుని వెనక సీటులో పెట్టాడు. జిప్పు వాడికీ రాలేదు. “ఇదెట్లా మా?” అన్నాడు. వాడు అడిగాడు కాబట్టి మునెమ్మ పోయి, కొసను పక్కకు వంచి లాగింది. సరిగ్గా మూసుకుంది.

సుదర్శన్ నాయనను చంకల కింద పట్టి ఎక్కించాడు. తమ్ముడితో మాట్లాడాడు, డ్రైవరుతో మాట్లాడాడు. అమ్మతో మాట్లాడలేదు. ముందు సీటులో కూర్చున్నాక అద్దం దించి, “మాత్రలు ఏసుకో నువ్వు గూడా. బీపీ మాత్ర,” అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

“సరే నాయనా.”

బయ్యమ్మ తన ఇంటి గుమ్మంలో నిలబడి, “పెండ్లికి పొయ్యినట్టు సుమోలో పోతాండావే చెంగల్రాయప్పా,” అంది.

“అవును, ఈసారి నన్ను కోసి కొత్త నరాలు పెడతారంట. వచ్చినాక పండ్లు సూసి ఎన్నేండ్ల గొడ్డో నువ్వే సెప్పాల,” అన్నాడు. బయ్యమ్మ నవ్వింది. నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మునెమ్మ లోపలికి పోయి తువాలు తెచ్చింది. కిటికీ దగ్గర నిలబడింది. ఏమీ అడగలేదు. మడత విప్పి, కిటికీ అంచు మీద పరిచి, దాని కింద చెయ్యి పెట్టింది.

చెంగల్రాయుడు ఆ తువాలును చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది. డ్రైవరు ఇంజను ఆపలేదు. తువాలు అంచు అదురుతోంది.

ఆయన చెయ్యి కిందికి వచ్చింది.

చల్లగా ఉంది. వేళ్ల చివర్లు ఉబ్బి, మెత్తబడి ఉన్నాయి. మునెమ్మ తన ఐదు వేళ్లూ విడదీసి ఉంచింది, ఏది కావాలంటే అది పట్టుకునేటట్టు. ఎనిమిది రోజులని డాక్టరు చెప్పాడు. నాలుగు వేళ్లు, మళ్లీ నాలుగు. ఆ లెక్క కోసం చూసింది.

ఆయన వేళ్లు ఆమె అరచేతిలో పడుకున్నాయి. ఏ వేలూ పట్టుకోలేదు. నొక్కలేదు. యాభై ఏళ్లలో తప్పు లెక్క చెప్పని చెయ్యి అట్లాగే, బరువుగా, ఆమె చేతిలో ఉండిపోయింది.

“నాయనా, పొద్దు పోతాది,” అన్నాడు దేవేంద్ర.

ఆయన చెయ్యి తీసుకున్నాడు. తువాలు తీసుకోలేదు.

సుమో సందు మలుపు తిరిగి, ముళబాగిలు రోడ్డు ఎక్కింది. చప్పుడు పోయినాక కూడా మునెమ్మ అక్కడే నిలబడి ఉంది. చేతిలో తువాలు ఉంది, కింద చెయ్యి విప్పి ఉంది.

అంబిక వచ్చి పక్కన నిలబడింది. కాఫీ చల్లారిపోయిందని, మళ్లీ కాచిందని చెప్పింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

“మామ ఏమి సెప్పినాడు అత్తా? ఎన్ని దినాలంట?”

మునెమ్మ తువాలు మడత పెట్టింది. సగానికి, మళ్లీ సగానికి.

“ఎనిమిదంట,” అంది.

“అంతేనా. అయితే వచ్చే మంగళవారం వచ్చేస్తారు.”

“ఆ. మంగళవారం.”

లోపల దండెం మీద మూడో పంచె ఉంది. అంబిక దాన్ని తీసి పెట్టెలో పెట్టబోయింది. “ఉండనీ,” అంది మునెమ్మ. “వస్తానే స్నానం జేసి కట్టుకుంటాడు.”

గురువారం ఆపరేషన్ చేశారు. చెంగల్రాయుడు ప్రాణంతో పుంగనూరుకు తిరిగి రాలేదు. 2007 జూలై ఇరవై ఒకటో తేదీ, శనివారం ఉదయం, బెంగుళూరులో పోయాడు.